నీలం చొక్కా బొమ్మలో లేని మాట

కామాఠిపురా, పదకొండో గల్లీ,
బొంబాయి.
జూలై 1983

రాములూ,

నీ పెళ్లయి నువ్వు కోస్గి వెళ్లిపోయాక నీకు నేను రాసిన ఉత్తరాలన్నీ పుట్టుకలకూ చావులకూ రాసినవే. ఇది అలాంటిది కాదు. నీతో ఒక పని పడింది. నవ్వకుండా చదువు.

మా ఆయన మాట్లాడటం మానేశాడు.

గొడవపడి కాదు. మిల్లుల సమ్మె మొదలై ఏడాదిన్నర దాటింది. మొదట్లో రోజూ గేటు దగ్గరికి వెళ్లి, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. తర్వాత కొన్ని మిల్లులు మెల్లగా తెరిచారు. తలవంచుకుని వెళ్లినవాళ్లు వెళ్లారు. ఈయన మిల్లు మాత్రం తెరవలేదు. ఇక తెరవరని గల్లీలో అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. అప్పటి నుంచి మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. పొద్దున్నే లేచి మా ఖోలీ గది గడపలో కూర్చుంటాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. "ఏందయ్యా, నోట్ల నాలుక లేదా?" అని నేనే అరుస్తాను. నా వంక చూసి తల దించుకుంటాడు.

ఆయన నోరు ఎలాంటిదో నీకు చెప్పాలా? మన చిన్నప్పుడు గణపతి మండపంలో బక్కయ్య స్టేజీ ఎక్కి సినిమా డైలాగు చెబితే ఫోరస్ రోడ్డు మీద టాంగావాళ్లు బండ్లు ఆపేవారు. "దొరా! నా చేతులకు నువ్వు సంకెళ్లు వేయగలవు. నా నోటికి వేయలేవు. ఇది నువ్వు పెట్టిన తిండితో పెరిగింది కాదు, మా అమ్మ పాడిన జోలతో పెరిగింది!" ఆ ఒక్క డైలాగు విని నేను పెళ్లికి ఒప్పుకున్నానని నువ్వు అందరికీ చెప్పుకుంటూ తిరిగావు. అబద్ధం కూడా కాదు.

నాకు మాత్రం అలాంటి పెద్ద డైలాగులు ఎప్పుడూ నచ్చలేదు. ఆదివారం పొద్దుటి ఆటకు మాటుంగా వెళ్లి చూసిన ఆ బ్లాక్ అండ్ వైట్ బొమ్మ గుర్తుందా? మొగుడు అలిగి గోడవైపు తిరిగి పడుకుంటే ఆమె కంచం పెట్టి, "అన్నం చల్లారుతోంది. కోపం తర్వాత కూడా తినొచ్చు" అంటుంది. అది నాకు ఇష్టం. నీకేమో ఇంకో బొమ్మలో ఆ ముసలి పోస్టుమాస్టరు మాట, "ఉత్తరం రాలేదంటే మరిచిపోయారని కాదమ్మా, ఇంకా రాస్తున్నారని." మన బడి మెట్ల మీద ఎన్నిసార్లు చెప్పావో!

సంగతి ఏమిటంటే, మొన్న కింద దర్జీ దుకాణంలో ఎవరో సినిమా డైలాగుల క్యాసెట్ పెట్టారు. ఆయన పెదవులు కదిలాయి. నేను చూశాను. కానీ అవన్నీ ఆయనకు నోటికొచ్చినవే. కాసేపు కదిలి ఆగిపోయాయి. కొత్తవి కావాలి రాములూ. తెలుగు బొమ్మలు ఇక్కడికి రావాలంటే నెలలు పడుతుంది. నువ్వు టాకీసులోనే కాపురం ఉంటున్నావు. మీ ఆయన పెంటయ్య బావ మిషను తిప్పుతుంటే నువ్వు వినేదే కదా. నాలుగు మంచి డైలాగులు రాసి పంపు.

మా అమ్మాయి గంగవ్వకు పదకొండేళ్లు నిండాయి. మునిసిపాలిటీ బడిలో మరాఠీ చదువుతోంది. తెలుగు రాయడం రాదు, మాట్లాడమంటే సిగ్గు.

నీ రత్న

*

కోస్గి,
జూలై 1983

రత్నా,

నవ్వాను. నువ్వు వద్దన్నా నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది.

బక్కయ్య అన్న మాట్లాడకపోవడమేమిటి? మా నాన్న చచ్చిన రోజు మా గది ముందు నిలబడి, ఎవరికీ ఏమనాలో తెలియనప్పుడు, "మామా, నువ్వు కట్టిన గోడలన్నీ నిలబడే ఉన్నయ్" అన్న మనిషి. అది సినిమాలో మాట కాదు. ఆయన సొంత మాటే. అయినా నేను చాలా ఏళ్లు అది ఏదో బొమ్మలోదే అనుకున్నాను.

మాది టాకీసు అంటే నువ్వు ఏమనుకుంటున్నావో! డేరా. ముందు ఇసుక, వెనుక బెంచీలు, ఇంకా వెనుక నాలుగు ఇనుప కుర్చీలు. ఆట మొదలయ్యే ముందు నేను గేటు దగ్గర గుడాలు, పల్లీలు అమ్ముతాను. ఆట మొదలయ్యాక తెర వెనుకకు పోయి కూర్చుంటాను. అక్కడ బొమ్మ తిరగేసి కనిపిస్తుంది. అందరూ ఎడమ చేత్తో తింటారు, ఎడమ చేత్తో దండం పెడతారు. మాట మాత్రం సరిగ్గానే వినిపిస్తుంది. ఒక్కో బొమ్మ వారం ఆడుతుంది కాబట్టి నాకు మొత్తం నోటికొస్తుంది.

ఇప్పుడు ఒక కోర్టు బొమ్మ ఆడుతోంది. తమ్ముడి మీద దొంగతనం మోపితే అన్న బోనెక్కి అంటాడు, రాసుకో:

"న్యాయం గుడ్డిదంటారు జడ్జి గారూ! నిజంగా గుడ్డిదైతే చేయి పట్టుకుని మా ఇంటిదాకా తెచ్చుకునేవాణ్ణి. ఇది గుడ్డిది కాదు. మా గడప దాకా వచ్చి, అక్కడ కళ్లు మూసుకుంటోంది!"

"మా గడప దాకా వచ్చి" అన్నాక ఆగాలి. జనం ఊపిరి బిగబట్టాక మిగతాది అనాలి. అన్నకు చెప్పనవసరం లేదనుకో.

మా పెంటయ్య నిన్ను అడిగాడు. "ఆ రత్నాబాయికి చెప్పు, నేను రీలు అతికిచ్చేటప్పుడు డైలాగు ముక్క ఒక్కటి గూడ పోనియ్య అని" అన్నాడు. నిజమే. తెగిన చోట ముద్దు పోనిస్తాడు గాని మాట పోనివ్వడు.

నీ రాములు

*

కామాఠిపురా,
ఆగస్టు 1983

రాములూ,

నీ ఉత్తరం నేను చదివి వినిపించలేదు. గడపలో ఆయన పక్కన పెట్టి నీళ్లు పట్టడానికి పోయాను. నల్లా దగ్గర వరుసలో ఉండగా గంగవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఆయీ, బాబా కోర్టాత్ ఆహేత్!" అంది. నాన్న కోర్టులో ఉన్నాడట!

బిందె అక్కడే వదిలి పోయాను. గోడవైపు తిరిగి నిలబడి చెబుతున్నాడు. గొంతు తుప్పు పట్టినట్టుంది. మిల్లులో ఇన్నేళ్లు మింగిన పత్తి దుమ్ముకు మధ్యలో దగ్గు వస్తోంది. అయినా "మా గడప దాకా వచ్చి" అన్న దగ్గర సరిగ్గా ఆగాడు. అప్పుడు నన్ను చూసి, "గిది మంచిగున్నదే. ఇంకోటి రాయమను" అన్నాడు. ఎన్ని నెలలకో నాతో అన్న మొదటి మాట. నాకు ఆయన మీద కోపం వచ్చింది, నమ్ముతావా? ఇన్నాళ్లూ నేను అన్ని అడిగితే పలకని మనిషి, కాగితంలో జడ్జితో మాట్లాడాడు.

ఇప్పుడు సాయంత్రాలు మెట్ల మీద కూర్చుంటున్నాడు. పక్క ఖోలీ రాజవ్వ వచ్చి వింటుంది. గణపతి మండలి శంకర్రావు వచ్చి, "బక్కయ్యా, ఈసారి స్టేజీ నీదే, కొత్తది చెప్పాలె" అని పోయాడు. కాబట్టి తొందరగా పంపు. సమ్మె బొమ్మ ఏదైనా వచ్చిందా? నీలం చొక్కా వేసుకున్న హీరో మిల్లు ముందు నిలబడ్డ పోస్టరు ఎవరో ఊరి నుంచి వస్తూ చూశారట. దానిలోది కావాలంటున్నాడు.

నీ రత్న

*

కోస్గి,
ఆగస్టు 1983

రత్నా,

నీలం చొక్కా బొమ్మ సంగతి రాశావు. అందులోది పంపుతున్నాను. హీరో మిల్లు యజమానితో అంటాడు:

"యజమాని గారూ! మీ మిల్లు గొట్టంలో పొగ ఆగిపోతే పేపర్లో రాశారు. మా పొయ్యిలో పొగ ఆగిపోయిన రోజు, పక్కింటివాళ్లకు తెలియకూడదని మా ఆడది ఉత్త గిన్నెలో గరిటె తిప్పింది. ఆ చప్పుడు ఏ పేపర్లో రాశారు?"

అంతే. ఎక్కువ రాయడానికి లేదు. పని ఉంది. అన్నను దగ్గుకు మందు వేసుకోమను.

రాములు

*

కామాఠిపురా,
సెప్టెంబరు 1983

రాములూ,

గణపతి నీళ్లలో కలిసిపోయాడు. ఇప్పుడు తీరిక దొరికింది.

మూడో రోజు సాయంత్రం ఆయన వంతు వచ్చింది. నేను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఇస్తే వద్దని, మిల్లు ఖాకీ తొడుక్కున్నాడు. ముందు పాత దొర డైలాగు చెప్పాడు. ఈలలు వేశారు. తర్వాత కోర్టుది. ఇంకా ఈలలు. తర్వాత మైకు పక్కకు జరిపి, "ఇది ఇంక ఇక్కడికి రాని బొమ్మలది" అని నువ్వు పంపిన రెండోది మొదలుపెట్టాడు.

మొదలుపెట్టడం సినిమా తెలుగులోనే మొదలుపెట్టాడు. "యజమాని గారూ" అనే అన్నాడు. గొట్టం, పొగ, పేపరు దాకా అలాగే సాగింది. ఆ తర్వాత ఏమైందో, "మా పొయిల పొగ బందైననాడు" అన్నాడు. "మా ఆడిది, పక్కింటోల్లకు ఎర్కైతదని, ఉత్త గిన్నెల గంటె తిప్పింది" అన్నాడు. మన మాట రాములూ! సినిమాల్లో మన మాట నౌకరుకు ఇస్తారు, నవ్వించడానికి. స్టేజీ మీద అది విని ఒక్కరూ నవ్వలేదు. ఈల కూడా లేదు. ఆడవాళ్లంతా ఉన్న వైపు అలా బిగుసుకుపోయింది. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నేలకేసి చూస్తూ ఉండిపోయాను.

దిగి వచ్చాక శంకర్రావు ఆయన్ను కావలించుకుని, "ఏ బొమ్మ రా ఇది? ఎప్పుడొస్తది?" అన్నాడు. "నీలం చొక్కాది. మాటుంగకు రానీ, అందరం పోదాం" అన్నాడు ఈయన. ఆయన రాసినదైనా అంత గర్వం ఉండేది కాదు.

అప్పటి నుంచి మనిషి మారాడు. గంగవ్వను ఒళ్లో కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నాడు. పని వెతుక్కోవడానికి పోతున్నాడు. పని దొరకలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు ఆయనకు ఒకటే ధ్యాస. ఆ మాట విని యజమాని ఏమన్నాడు? నేత సాంచాలు మళ్లీ తిరిగాయా? చివరికి ఏమైంది? "రాములును అడుగు" అని రోజూ నా ప్రాణం తీస్తున్నాడు. రాయవే.

నీ రత్న

*

కోస్గి,
అక్టోబరు 1983

రత్నా,

యజమాని ఏమీ అనడు. కారెక్కి పోతాడు. అద్దం ఎత్తుకుంటాడు. హీరో ఆ అద్దంలో తన మొహం చూసుకుంటాడు. అప్పుడేమీ డైలాగు ఉండదు.

చివర్లో మిల్లు తెరుస్తారు. అందరూ లోపలికి పోతారు. అన్నకు అలా చెప్పు.

ఒక మాట. ఆ బొమ్మ అక్కడికి వస్తుందో రాదో. వచ్చినా బొంబాయికి పంపే ప్రింటు వేరేగా ఉంటుందని పెంటయ్య అంటాడు. అందరినీ తీసుకుని పోవద్దని చెప్పు. జనంలో సినిమా సరిగ్గా వినపడదు.

బతుకమ్మ పేర్చాను. తంగేడు బాగా దొరికింది.

రాములు

*

కామాఠిపురా,
ఫిబ్రవరి 1984

రాములూ,

వచ్చింది.

ఆదివారం పొద్దుటి ఆట. పోవద్దని నేను చెప్పి చూశాను. మా మెట్ల మీద చేరేవాళ్లలో సగం మంది బయలుదేరారు. గ్రాంట్ రోడ్‌లో బండెక్కి మాటుంగా రోడ్‌లో దిగాం. దారి పొడుగునా ఆయన శంకర్రావుకు కథ చెబుతూనే ఉన్నాడు. అద్దం ఎత్తుకునేది కూడా చెప్పాడు. "ఆడ మాటుండదు, చూడు, కండ్లతోనే!" అన్నాడు. గంగవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, "బిడ్డా, నీ నాయిన చెప్పినది వస్తది, చెవులు పెట్టి విను" అన్నాడు.

హీరో నీలం చొక్కా వేసుకుంది ఇంటర్వెల్ వరకే. మిల్లులో పనిచేసింది రెండు పాటలకు. సాంచాలు చూపించారు గాని వాటికి దారం లేదు, పక్కన ఎవరో అమ్మాయి నాట్యం చేసింది. ఇంటర్వెల్లో తెలిసింది, హీరో ఆ యజమాని కొడుకే. చిన్నప్పుడు తిరునాళ్లలో తప్పిపోయాడట. భుజం మీద పుట్టుమచ్చ. తర్వాత కోటు వేసుకున్నాడు. సమ్మె చేయించినవాడు విలన్. చివర్లో కార్మికులంతా హీరోకు దండలు వేసి, "మా చిన్న యజమాని వచ్చాడు" అని ఏడ్చారు. మిల్లు తెరిచారు. అది ఒక్కటి మాత్రం నువ్వు రాసినట్టే ఉంది.

పొగ లేదు, గిన్నె లేదు, గరిటె లేదు.

మధ్యలో శంకర్రావు వెనక్కి తిరిగి, "ఏడ బక్కయ్యా నీ డైలాగు?" అన్నాడు. "ముందటుంటది, ఆగురి" అన్నాడు ఈయన. లైట్లు వేశాక కుర్రవాళ్లు నవ్వారు. "కాకా, ఆ బొమ్మ నీ కలలొచ్చిందా?" అన్నాడొకడు. ఆయన లేచి, గంగవ్వ చేయి పట్టుకుని, అందరికంటే ముందు బయటికి నడిచాడు. ఇంటికొచ్చాక ఒక్క మాట అన్నాడు, "రీలు కోసిండ్రేమో." నేను "అవును, కోసుంటారు" అన్నాను.

మర్నాడు బిగారి పనికి పోయాడు. మేస్త్రీకి సిమెంటు కలిపి, గమేలాలో ఎత్తి మోయడం. వాళ్ల తాత ఊరి నుంచి వచ్చి ఏ పని చేశాడో మళ్లీ ఆ పనే. ఆ దగ్గుకు పత్తి దుమ్ము మీద సిమెంటు దుమ్ము.

నువ్వు భయపడుతూ ఉంటావు. భయపడకు. ఆ మాట సినిమాది కాదని నాకు మొదటి రోజే తెలుసు. ఉత్త గిన్నెలో గరిటె తిప్పింది మీ అమ్మ. మీ గది పక్కనే మా గది. సన్న గోడ. మీ నాన్నకు పని లేని రోజుల్లో ఆ చప్పుడు వింటూ మా అమ్మ, "పాపం, వజ్రమ్మ వంట చేస్తున్నది" అని, కాసేపాగి నాతో నాలుగు రొట్టెలు పంపేది. మద్రాసులో బొమ్మలు తీసేవాళ్లకు వజ్రమ్మ ఎలా తెలుస్తుంది?

తెలిసినా చెప్పలేదు. ఆయన మాట్లాడుతున్నాడు కదా, చాలనుకున్నాను. కాబట్టి ఇందులో నేనూ ఉన్నాను.

నీ రత్న

*

కోస్గి,
మార్చి 1984

రత్నా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి అన్నం సయించడం లేదు.

మా డేరా పోయిన ఆగస్టులోనే లేపేశారు. నీకు కోర్టు బొమ్మ డైలాగు పంపానే, అదే ఆఖరి ఆట. బస్టాండు దగ్గర ఒకాయన వీడియో పెట్టాడు. చిన్న గదిలో రోజుకొక కొత్త బొమ్మ. ఇసుకలో కూర్చోవడానికి ఇంకెవరొస్తారు? యజమాని మిషను అమ్ముకుని హైదరాబాదు వెళ్లిపోయాడు. తెర కట్టే గుంజలు మాత్రం ఉన్నాయి, వాటికి సంతరోజు ఎడ్లను కడుతున్నారు. పెంటయ్య వీడియో ఆయన దగ్గరికి పోయి పని అడిగాడు. "ఇది తిప్పేదేముంది, బటన్ ఒత్తుడే గదా" అన్నాడట. వచ్చి పడుకున్నాడు.

నీలం చొక్కా బొమ్మ మాకు రావాల్సింది. పోస్టరు వచ్చింది, డేరా గోడకు అతికించాం కూడా. బొమ్మ రాలేదు. నువ్వు అడిగినప్పుడు లేదని రాద్దామని పోస్టరు ముందు కూర్చున్నాను. హీరో నోరు తెరిచి ఉన్నాడు. ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడో నాకు అనిపించింది రాశాను.

గల్లీలో అందరి ముందు అన్న తల దించుకున్నాడే, అది నా చేతులతో చేసినట్టుంది. ఆయనకు చెప్పు. నన్ను తిట్టమను. తిట్టడానికైనా నోరు తెరుస్తాడు.

రాములు

*

కామాఠిపురా,
జూలై 1984

రాములూ,

రెండు సంగతులు రాయాలి. మొదటిది రాయకుండా రెండోది రాయలేను.

ఆయన్ను మునిసిపాలిటీ ఆసుపత్రిలో చేర్చాం. ఎత్తు మీద పనిచేస్తూ ఊపిరాడక కూలబడితే తోటి బిగారీలు గోనెసంచి మీద దింపారు. డాక్టరు ఛాతీకి ఫొటో తీసి వెలుతురుకు పెట్టి నాకు చూపించాడు. తెల్లగా ఉంది. తెల్లగా ఉంటే మంచిదేమో అనుకున్నాను. కాదట.

వార్డులో పక్క మంచం మీద ఒక మరాఠీ ముసలాయన, ఆయనా మిల్లుమనిషే. ఈయన పేరు విని, "గణపతికి డైలాగులు చెప్పే కామాఠీ నువ్వేనా? ఒకటి చెప్పు" అన్నాడు. ఈయన లేచి కూర్చున్నాడు. "దొరా" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నా చేతులకు" అన్నాడు. మళ్లీ తీసుకున్నాడు. ముందుకు పోలేకపోయాడు. ఆ ముసలాయన "చాలు, చాలు, మస్తుగుంది" అని అటు తిరిగి పడుకున్నాడు. నేను ఫ్లాస్కు కడగడానికి బయటికి పోయాను.

తిరిగి వచ్చాక, నీ ఉత్తరం సంగతి చెబుదామని మొదలుపెట్టాను. ఆయన చేయి ఎత్తి ఆపాడు.

"ఎర్కే నాకు. ఆ పెంటయ్య పెండ్లామే రాసింది."

"ఎప్పటి నుంచి ఎర్క?"

"టాకీసుల. పుట్టుమచ్చ చూపిచ్చినంక."

"కోపమొచ్చిందా?"

"రాములు మీద కోపమెందుకే. మంచిగ రాసింది. దానంత మంచిగ ఎవ్వడు రాయడు." చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నేనేమనుకున్ననంటే, నా అసొంటోడు ఏడనో ఒకడున్నడు, వాడు గట్ల నిలబడి అడిగిండు, ఎవలో దాన్ని బొమ్మ తీసిండ్రు, ఊర్లన్ని చూసినయ్ అనుకున్న. ఎవ్వడు లేడే. ఎవ్వడు అడగలే."

"నువ్వు అడిగినవు గద, మండపంల" అన్నాను.

"గణపతిని అడిగిన" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది.

అవే చివరి మాటలని నీకు రాస్తే బాగుంటుంది గాని, కావు. తర్వాత మూడు రోజులు ఉన్నాడు. కిటికీ మూయమన్నాడు, తెరవమన్నాడు. గంగవ్వను బడి మానిపించవద్దన్నాడు. నీళ్లన్నాడు. శుక్రవారం పొద్దున్న నేను చాయ్ తెచ్చేసరికి పోయాడు.

గల్లీ అంతా వచ్చారు. శంకర్రావు పాడెకు భుజం పట్టాడు. ఈ ఏడాది మండపంలో స్టేజీ వేయడం లేదట. రంగుల టీవీ, వీడియో కిరాయికి తెస్తున్నారు. ఆ మాట ఆయన చెవిన పడకుండా పోయాడు, అదొక్కటే నాకు మిగిలిన సంతోషం.

రత్న

*

కోస్గి,
ఆగస్టు 1984

రత్నా,

ఏం రాయను. మూడు కాగితాలు చించాను. ఏది రాసినా ఎవరో ఎక్కడో అన్న మాటలా వస్తోంది. నాకు మాటలంటే భయం పట్టుకుంది.

ఊళ్లో వాన లేదు. కూలీ దొరకడం లేదు. పెంటయ్య మేస్త్రీ గుంపుతో బొంబాయి పోదామంటున్నాడు. మా నాన్న ఇటుకలు మోసిన ఊరికే. దీపావళి పోయాక తాండూరులో రైలెక్కాలని అంటున్నారు. నన్నూ రమ్మంటున్నారు, ఆడవాళ్లు ఇసుక జల్లెడ పట్టాలట. నీ ఖోలీలో మూల చోటుంటే కొన్నాళ్లు తల దాచుకుంటాం. లేదంటే లేదని రాయి, ఏమీ అనుకోను.

రాములు

*

ధారావి,
జనవరి 1985

రాములూ,

నీ ఉత్తరం కామాఠిపురాకు పోయి, అక్కడ నెలల తరబడి రాజవ్వ దగ్గర ఉండి, ఆమె ఇటు వచ్చినప్పుడు నాకు చేరింది. నువ్వు బయలుదేరలేదని ఆమెకు ఎవరో చెప్పారట, అందుకే ఊరికి రాస్తున్నాను.

ఖోలీ లేదు. అది మా ఆయన అన్నదమ్ములందరిదీ. పెద్దాయన కొడుక్కు పెళ్లయింది, చోటు కావాలన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. సామాను వాళ్లే టెంపోలో వేసి ఇక్కడ దించి పోయారు. ఇక్కడ నేను తోలు సంచుల కార్ఖానాలో పని చేస్తున్నాను. కుట్టిన సంచుల దారాలు కత్తిరించి, లోపల కాగితాలు కుక్కడం. పక్కన గంగవ్వ కూర్చుంటుంది. బడి మానిపించవద్దన్నాడు. మానిపించాను. ఒక్కదాని చేతులు చాలడం లేదు. పని చేస్తూ అది హిందీ పాటలు పాడుకుంటుంది. నాతో కూడా హిందీలోనే మాట్లాడుతుంది, నేనూ హిందీలోనే జవాబిస్తున్నాను. కొన్ని రోజులు రాత్రి పడుకునేదాకా నా నోట తెలుగు ముక్క రాదు. మొన్న అదే నన్ను అడిగింది, బాబా గొంతు ఎలా ఉండేది అని. చెప్పబోయాను. చేసి చూపించడం నాకు రాలేదు.

నువ్వు రావద్దని రాద్దామనుకున్నాను. ఇక్కడ ఏముందని? కానీ అక్కడ మాత్రం ఏముంది. రా. మా గుడిసె పైన అటక ఉంది, ఇద్దరు పడుకోవచ్చు. నిలబడటం కుదరదు.

ఏ రోజు రైలెక్కేదీ ముందే కార్డు రాయి. దాదర్‌లో దిగండి. అక్కడ ఎవరినీ నా పేరు చెప్పి అడగకు. కామాఠిపురాలో ఐతే డైలాగు బక్కయ్య ఇల్లంటే చిన్నపిల్లలు చేయి పట్టి తెచ్చి దింపేవారు. ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. స్టేషను బయట వంతెన కింద సామాను పక్కన కూర్చోండి. రైలు పొద్దున్నే వస్తుంది, నాకు పని మానడం కుదరదు. సాయంత్రం అవుతుంది. ఎంత పొద్దుపోయినా అక్కడి నుంచి లేవకు. వస్తాను.

రత్న